దీపం కింద చూసి, అప్పుడు పంపు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ నిన్న రాత్రి పడుకునే ముందు చూశాను. నాణెం స్థితి చూసి అంకె వేసే గ్రేడింగ్ సంస్థకి పంపిన పద్నాలుగు నాణేల్లో ఆరు 'డీటెయిల్స్' అని, అంటే అసలువే గానీ లోపమున్నందుకు అంకె లేకుండా, తిరిగొచ్చాయనీ, మూడు నెలలు ఎదురుచూసింది ఇందుకేనా అనీ రాశావు. వెంటనే ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. ఫోన్లో అయితే నిన్ను ఓదార్చడంతోనే సరిపోతుంది. ఇది కాగితం మీద నిదానంగా చెప్పాల్సిన సంగతి.

నీ కోపంలో న్యాయం ఉంది. ఫీజు కట్టి, రానుపోను ఇన్సూరెన్స్ కట్టి, నెలల తరబడి ఆగినవాడికి లేబుల్ మీద 'క్లీన్డ్' అని ఒక్క ముక్క రాసి పంపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. గీతలు ఏ వైపు ఉన్నాయో, ఎంత తోమారో, అంకె ఎందుకు ఇవ్వలేదో చెప్పరు. అడిగితే వచ్చేది అందరికీ పంపే జవాబే.

నాకూ జరిగింది. నా దగ్గర 1892 నాటి మోర్గన్ డాలర్ ఉంది కదా, న్యూ ఆర్లీన్స్ టంకశాలది, గద్ద బొమ్మ కింద చిన్న 'ఓ' అక్షరం ఉన్నది. మీ అత్తయ్యా నేనూ ఇల్లు కొన్న ఏడాది దాన్ని మొదటిసారి పంపితే డెబ్భైకి ఏయూ 58 వచ్చింది. అంటే కాస్త చేతులు మారిన నాణెమని. మరుసటి ఏడాది వాళ్లు సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి అదే సంస్థకు పంపాను. ఈసారి ఎంఎస్ 62, అసలు వాడుకలోకే రాలేదన్నారు. ఇంకా పైకి వెళ్తుందేమోనన్న ఆశతో మూడోసారి పంపాను. మళ్లీ 58. నాణెం అదే, సంస్థ అదే. మూడు ఫీజులు పోయాయి. ఉత్తరం రాస్తే 'గ్రేడ్ అనేది అభిప్రాయం' అని జవాబిచ్చారు. ఆ మాటకి చాలా రోజులు రగిలిపోయాను. తర్వాత తర్వాత తెలిసింది, అందులో నేను నేర్చుకోవాల్సిందంతా ఉందని.

ఆ అంకెల పుట్టుక చూడు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా తొలినాటి పెద్ద రాగి సెంట్ల కోసం ఒకటి నుంచి డెబ్భై దాకా కొలత పెట్టాడు. బాగా అరిగిపోయిన సెంటు ధర డాలరైతే, మచ్చలేనిది డెబ్భై డాలర్లు పలకాలన్నది ఆయన లెక్క. అంటే మొదట్లో అది ధర కట్టడానికి పెట్టుకున్న కొలతే. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. ఆ రోజుల్లో అమ్మేటప్పుడు 'జెమ్' (మేలిరకం) అన్న వ్యాపారే, తిరిగి కొనమంటే 'మామూలు సరుకు' అనేవాడు. ఆ బాధ పడలేకే 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు వచ్చాయి. అమ్మేవాడూ కొనేవాడూ కాని మూడో మనిషి చూసి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, దానికి పూచీ పడడం నిజంగా గొప్ప మార్పు. ఇవాళ నువ్వు చూడని నాణేన్ని ఎక్కడో ఉన్న మనిషి దగ్గర ధైర్యంగా కొంటున్నావంటే ఆ పూచీ వల్లే. కానీ ఆ మూడో మనిషీ మనిషే. రోజుకి ఎన్ని నాణేలు చూస్తాడో! ఒక్కోదానికి దొరికేవి కొన్ని సెకన్లు. ఇద్దరు ముగ్గురు విడివిడిగా చూసినా, 58కీ 62కీ మధ్య గోడమీద కూర్చున్న నాణెం ఒకరోజు ఇటు పడుతుంది, ఒకరోజు అటు పడుతుంది.

నా డాలర్ ఎందుకు గోడమీద కూర్చుందో చెప్తాను, ఇది నీకు పనికొస్తుంది. న్యూ ఆర్లీన్స్‌లో చాలా డాలర్లకు అచ్చు గట్టిగా పడలేదు. ముందువైపు లిబర్టీ అనే స్త్రీ బొమ్మలో చెవి పైన జుట్టు, వెనక గద్ద రొమ్ము మీది ఈకలు, ఈ రెండూ అన్నిటికంటే ఎత్తైన చోట్లు. అచ్చు బలంగా పడకపోతే అక్కడ లోహం పూర్తిగా నిండదు, చదునుగా ఉండిపోతుంది. వాడకంలో అరిగినా మొదట చదునయ్యేది అవే చోట్లు. తేడా పట్టుకోవాలంటే గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక్క బల్బు టేబుల్ లైటు పెట్టుకో. ట్యూబ్‌లైటు కింద ఏమీ తెలియదు. నాణేన్ని అంచుల మీద పట్టుకుని, బల్బుకి అడుగు దూరంలో మెల్లగా వంచుతూ తిప్పు. తాజా నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరిగే వెలుగు చెవి పైన చదునుగా ఉన్న చోటికి వచ్చినప్పుడు కూడా తెగకుండా దాటితే, అది అచ్చు లోపం. అక్కడికి వచ్చి వెలుగు చచ్చిపోయి, బూడిద రంగు మచ్చలా కనిపిస్తే అది అరుగుదల. అయిదు రెట్లు చూపించే లూప్, అంటే చిన్న భూతద్దం, చాలు. పది రెట్లది పెడితే ప్రతి నాణెం గాయాలపుట్టలా కనపడి టెన్షన్ పెరుగుతుంది తప్ప ఉపయోగం లేదు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకో. మంచి 58 నాణెం చాలాసార్లు 60, 61 కంటే కంటికి అందంగా ఉంటుంది. వాడకంలోకి రాకపోయినా సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుని దెబ్బలు తిన్నవాటికే ఆ 60, 61 ఇస్తారు. అంకె పెద్దదని దాన్ని ఎక్కువ పెట్టి కొనకు.

ఇక నీ ఆరు నాణేల సంగతి. అందులో నాలుగు నువ్వు ఇక్కడ అమెరికాలో వేలంలో కొన్న నిజాం రూపాయలు, చార్మినార్ బొమ్మ ద్వారంలో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని 'ఐన్' అనే ఉర్దూ అక్షరం ఉన్నవి. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అవి తోమిన నాణేలే నాన్నా. సంస్థ తప్పేమీ లేదు. మన ఇళ్లలో ఏం జరిగేదో గుర్తు చేసుకో. దీపావళి వచ్చిందంటే మీ అమ్మమ్మ బీరువాలో మూట విప్పి హాలీ రూపాయలు (నిజాంవి), కల్దార్లు (బ్రిటిష్ వాళ్లవి) అన్నీ తీసి, లక్ష్మీపూజకి ముందు విభూతి పెట్టి గుడ్డతో తళతళలాడేలా తోమేది. మరీ నల్లబడితే చింతపండు. మీ అమ్మా నేనూ పక్కన కూర్చుని తడి తుడిచేవాళ్లం. ఎన్ని వేల ఇళ్లలో అలా తోమారో లెక్కలేదు. హాలీ రూపాయల వెండి స్వచ్ఛమైనది కూడా కాదు, నూటికి 82 పాళ్లకి కాస్త తక్కువ, మిగతాది చవక లోహం, అందుకే నల్లబడేది, అందుకే తోమేవాళ్లు. విభూతి ఎంత మెత్తగా ఉన్నా పొడే కదా. ఒకే దిక్కుకి వెంట్రుకల్లాంటి సన్నగీతలు పడతాయి. మామూలుగా చూస్తే కనపడవు, బల్బు కింద వంచితే ఒక్కసారిగా బయటపడతాయి. ఇంకొన్ని రూపాయలకు కొక్కెం అతికించి దండల్లో గుచ్చేవాళ్లు. కొక్కెం తీసేసినా పైఅంచున మాటు వేసిన మచ్చ మిగులుతుంది. నిజాం రూపాయి కొనేటప్పుడు బొమ్మకంటే ముందు ఆ పైఅంచు చూడు.

అయిదోది బ్రిటిష్ రాజు జార్జ్ బొమ్మ ఉన్న రూపాయి, 'పీవీసీ' అని వచ్చింది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టావు కదా, నేను అప్పుడే వద్దన్నాను. ఆ ప్లాస్టిక్ నుంచి కారిన జిగురే ఆ ఆకుపచ్చ పొర. దీనికి మందుంది. స్వచ్ఛమైన ఎసిటోన్, గోళ్లరంగు తీసేది కాదు, హార్డ్‌వేర్ షాపులో డబ్బాలో దొరికేది. గాజు గిన్నెలో పోసి నాణేన్ని మునిగేలా ఉంచు, రెండుసార్లు మార్చు, రుద్దకు, ఆరనివ్వు. కిటికీ తెరిచి చెయ్యి, పొయ్యి దగ్గర చెయ్యకు. అప్పటికే పొర కింద వెండి తినేసి ఉంటే మాత్రం చేసేదేమీ లేదు.

ఆరోది రంగు అనుమానం అన్నారు. ఇక్కడ నేను నీ వైపే. కాలం తెచ్చిన రంగుకీ, మసిపూసి మారేడుకాయ చేసిన రంగుకీ తేడా చెప్పడం వాళ్లకీ కష్టమే, అనుమానం వస్తే కాదనేస్తారు. దాన్ని అలాగే ఉంచుకో. నాకు చూడగానే నచ్చింది.

డబ్బు లెక్క కూడా వేసుకోవాలి. ఆ పద్నాలుగింటిలో సగం నాణేలు ఒక్కోటి 50, 60 డాలర్లు చేసేవి. సభ్యత్వం, ఫీజు, పోస్టు, ఇన్సూరెన్స్ కలిపితే నాణెం ధర అంత ఖర్చూ ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. నేను పాటించేది ఇదీ: నేను అనుకున్న గ్రేడ్‌కంటే ఒక మెట్టు కిందికి వచ్చినా ఖర్చు గిట్టే నాణేలనే పంపుతాను. లేదా దొంగనాణేలు ఎక్కువగా తిరిగే రకమైతే, అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి పంపుతాను. మిగతావి ఆల్బమ్‌లోనే ఉంటాయి.

పంపే ముందు నోట్‌బుక్కులో నీ గ్రేడ్ రాసుకో. వారం ఆగి, పాత పేజీ చూడకుండా మళ్లీ రాసుకో. నీ రెండు అంకెలే కలవకపోతే వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం అనవసరం. నాకు ఆ నోట్‌బుక్కులు నాలుగు నిండాయి, మొదటి రెండేళ్లవి చూస్తే ప్రతిదానికీ రెండు మూడు మెట్లు ఎక్కువే రాసుకున్నాను. మన నాణెం కదా అని మనసు పైకే లాగుతుంది.

పెట్టెలు పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపే పని పెట్టుకోకు. అది రోజూ వందల నాణేలు చూసే వ్యాపారుల ఆట. పాత లేబుళ్లు వెనక్కి పంపకపోవడం వల్ల ఏ గ్రేడ్‌లో ఎన్ని నాణేలున్నాయో చూపే ఆ సంస్థల జాబితాలో ఒకే నాణెం మూడు నాలుగు నాణేలుగా లెక్కపడుతుంది కూడా. 'ఈ గ్రేడ్‌లో ఇన్నే ఉన్నాయి' అన్న అంకె చూసి ఎక్కువ ధర పెట్టకు. స్లాబ్‌లో, అంటే ఆ సీలు పెట్టెలో, ఉన్నది కొంటే సర్టిఫికెట్ నంబరు ఆ సంస్థ సైట్‌లో కొట్టి, ఫొటో ఉంటే గీతతో సహా పోల్చు. నకిలీ పెట్టెలూ ఉన్నాయి.

చివరగా ఒకటి, ఇది గట్టిగానే చెప్తున్నాను. హన్మకొండలో అమ్మమ్మ దగ్గరున్న రూపాయలు మీ నాన్న వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెప్పించి ఇక్కడ గ్రేడ్ చేయిస్తానన్నావు. వద్దు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. మామూలు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు. పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. వాటి మీద హిజ్రీ 1330 అని ఉందన్నావు, అంటే మన లెక్కలో 1911-12. వందేళ్లు ఎప్పుడో దాటాయి. ఎయిర్‌పోర్టులో మీ నాన్నని నిలబెట్టే పరిస్థితి తేకు. వందేళ్లు నిండనివైనా, తెచ్చే ముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న కాగితం తీసుకోమను. అయినా అమ్మమ్మ చేత్తో తోమినవి అవి. వాటికి 'క్లీన్డ్' అని లేబుల్ వేయించి ఏం చేస్తావు? అక్కడే ఉండనీ. ఈసారి వెళ్లినప్పుడు ఒక్కోటి ఎవరి చేతిమీదుగా ఎలా వచ్చిందో ఆవిడని అడిగి రాసుకో. ఆవిడకి ఎనభై ఏడు దాటాయి.

థాంక్స్‌గివింగ్‌కి నలుగురూ వస్తారు కదా. ఆ ఆరింటినీ పట్టుకురా, పెట్టెలు పగలగొట్టకుండా. పిల్లలు పడుకున్నాక లైటు పెట్టుకుని కూర్చుందాం. నా 1892 డాలర్ కూడా తీసి ఉంచుతాను. లేబుల్ మీద నేను బొటనవేలు పెట్టి ఇస్తాను, అంకె ఎంతో నువ్వు చెప్పు.

ఇట్లు,
మామయ్య