పక్క సీట్లో మీ పని వేరు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి 19 ఏళ్లు. లెర్నర్ లైసెన్సు తీసుకుని డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకుంది. అక్కడ బాగానే నడిపిందట. మా కారులో నేను పక్కన కూర్చుంటే మాత్రం తడబడుతోంది. నేను కేకలేశానని ఏడ్చి, ఇప్పుడు స్టీరింగ్ ముట్టుకోనంటోంది. ఇంటర్ చదివే మా అబ్బాయేమో తనకూ నేర్పమని ఒకటే గొడవ. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, సత్తుపల్లి

జవాబు: డ్రైవింగ్ స్కూల్ కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుందండీ. పిల్ల తడబడినా వాళ్లు నోరెత్తకుండానే బండి ఆపేస్తారు. మీ కారులో మీ కాళ్ల దగ్గర ఏమీ లేదు. ఆ టెన్షనే మీ నోట కేకై వస్తోంది. ఆర్టీసీలో కొత్త డ్రైవర్లకు చాలా ఏళ్లు శిక్షణ ఇచ్చినవాడిగా చెబుతున్నాను, క్లచ్చు, గేర్ల సంగతి ఇక మీరు వదిలేయండి. ఆమెకన్నా ముందుగా రోడ్డు చూసి, టైముకు చెప్పడమే మీ పని.

"చూసుకో, చూసుకో" అనడం మానేయండి. ఆ మాటతో ఏం చూడాలో తెలియదు సరికదా, భయం పెరుగుతుంది. "నెమ్మది", "ఆపు" చాలు. మలుపు గురించి మలుపు దగ్గర చెప్పకండి. "ఆ పెట్రోల్ బంకు దాటాక ఎడమకు" అని ముందే అంటే, అద్దం చూసి, ఇండికేటర్ వేసి, స్పీడు తగ్గించుకునే వ్యవధి ఉంటుంది. తప్పు చేస్తే బండి పక్కన ఆపించాకే మాట్లాడండి. ఎంత కంగారు పుట్టినా స్టీరింగ్ మీద చెయ్యి వేయకండి.

నేను అన్నిటికన్నా నమ్మే పద్ధతి ఇంకొకటుంది. నడుపుతూ కనిపించిందల్లా పైకి చెప్పించండి. "ముందు ఆటో ఆగింది, మనిషి దిగొచ్చు. ఎడమ సందులో బైకుంది. ఆ గేదె ఇటే వచ్చేలా ఉంది." ఆమె ఏది చెప్పలేదో అది ఆమె కంట పడలేదని మీకు తెలిసిపోతుంది. అది మీరు అందించండి. కారు ముందు అద్దానికీ తలుపుకీ మధ్య ఉండే స్తంభం చాటున ఒక బైకు మొత్తం మరుగున పడుతుంది. మాటల్లో చెబితే పిల్లలు నమ్మరు. కారు ఆపి ఉంచి, అమ్మాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, మీరు బైకుతో కుడివైపు ఏటవాలుగా కాస్త దూరం వెళ్లండి. ఒకచోట మీరు మాయమవుతారు. తల కొంచెం ముందుకు వంచితే మళ్లీ కనిపిస్తారు. కుడికి తిరిగే ప్రతిసారీ అలా వంగి చూడడం అలవాటు చేయించండి.

రాత్రి డ్రైవింగ్ చివరికి పెట్టుకోండి. కోతల కాలంలో మనవైపు రోడ్డు సగం ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. వెనక లైటు లేని ట్రాక్టర్లు తిరుగుతాయి. చేయి తిరిగినవాళ్లకే అది కష్టం.

కారుకు ముందూ వెనకా తెల్లటి బోర్డు మీద ఎర్రటి ఎల్ ఉండాలి, పక్కన లైసెన్సున్న మీరుండాలి. 30 రోజులు నిండితే పర్మినెంట్ లైసెన్సు టెస్టుకు వెళ్లొచ్చు కానీ, లెర్నర్ లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది. తొందరపెట్టకండి.

అబ్బాయికి మాత్రం 18 నిండేదాకా కారు తాళాలు ఇవ్వొద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈలోగా మీరు నడిపేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అక్క చెప్పినట్టే రోడ్డు మీద కనిపించిందల్లా చెప్పమనండి. తాళాలు చేతికొచ్చేనాటికి వాడి కళ్లకు రోడ్డు అలవాటవుతుంది.