గండికోటలో కయాక్ బోల్తా పడితే: సమాధానం

తమ్ముడూ, ఆదివారం గండికోటలో మొదటిసారి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఎక్కుతున్నావు, నీళ్లలో దిగగానే లైఫ్ జాకెట్ చెవుల దాకా లేస్తోంది, బోల్తా పడితే ఏం చేయాలని అడిగినావు కదా.

జాకెట్ లేస్తోందంటే అది నీకు వదులుగా ఉన్నట్టే. నడుము పట్టీ ముందు బిగించు, తర్వాత పక్కలవి, చివర భుజాలవి. స్నేహితుణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమను. గడ్డానికి తగిలితే ఇంకా బిగించు, అయినా లేస్తే చిన్న సైజు అడుగు. ఇది సరిపోకుండా మాత్రం నీళ్లలోకి పోవద్దు.

బోల్తా పడితే కయాక్‌ను వదలొద్దు, అది తేలుతుంది. ఒడ్డుకు ఈదాలనుకోకు. పెన్న నది లోయలో చాలాచోట్ల నిటారు బండలే, ఎక్కడానికి పట్టు దొరకదు. పైన కూర్చునే రకమైతే మధ్యకు వచ్చి, పైకి తేలిన కయాక్ అడుగు భాగం మీదుగా చేయి చాచి అవతలి అంచు పట్టుకుని వెనక్కి వాలు, కయాక్ మళ్లీ సరిగ్గా తిరుగుతుంది. తర్వాత కాళ్లు కొడుతూ సీటుకు అడ్డంగా బోర్లా పడుకో, మెల్లగా వెల్లకిలా తిరిగి కూర్చో. తొందరపడి మోకాళ్ల మీద లేస్తే మళ్లీ పడతావు. బయలుదేరేచోట, నడుము లోతులో, మిత్రుడు అవతలి అంచు పట్టుకుని ఉండగా రెండుమూడుసార్లు చేసి చూడు. లోపల కూర్చునే రకం ఇస్తే, నీళ్లు రాకుండా కయాక్ నోటిని మూస్తూ నడుముకు కట్టే గుడ్డకవచం వద్దను.

లోయ ఇరుకులో గాలి దూరి బలంగా కొడుతుంది. పొద్దున్నే, ముందు ఎదురుగాలికి పో, అలసిపోయినాక గాలే వెనక్కి తెస్తుంది. పైన గండికోట జలాశయం నుంచి పెన్నకు నీళ్లు వదులుతున్నారా అని ముందే కనుక్కో. వదులుతుంటే ఆ రోజు మానుకో.