బండలు కడగడానికా బీకాం చదివించింది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి బీకాం పాసై ఏడాదిన్నర అయింది. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని విజయవాడ పంపాం. రెండుసార్లు ప్రిలిమ్స్‌లోనే పోయింది. ఇళ్లల్లో టైల్స్ క్లీన్ చేసే ఒక సంస్థలో ఎనిమిది నెలలుగా పని చేస్తున్నాడని మొన్ననే తెలిసింది. ఇప్పుడు సొంతంగా మెషిన్లు కొనుక్కుంటా, 90 వేలు సర్దమంటున్నాడు. వాళ్ల నాన్న "బండలు కడగడానికా బీకాం చదివించింది" అని వాడితో మాట్లాడటమే మానేశారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఒకటే అయినా అందులో రెండున్నాయి. 90 వేలు ఇవ్వాలా వద్దా అన్నది ఒకటి. చుట్టాలకు ఏమని చెప్పుకోవాలన్నది ఇంకొకటి. మొదటిదానికి నా మాట: ఇప్పుడే ఇవ్వకండి. అలాగని వద్దని కూడా చెప్పకండి. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మూడేళ్ల కిందట మా అమ్మాయి నిశ్చితార్థానికి ముందు ఇల్లంతా కడిగించాం. హాల్లో విట్రిఫైడ్ టైల్స్, పూజగదిలో తెల్ల మార్బుల్, వెనక వరండాలో పాతకాలం నాపరాళ్లు. వచ్చిన నలుగురు కుర్రాళ్ల దగ్గర ఉన్నది ఒకటే బకెట్, ఒకటే యాసిడ్ డబ్బా. బాత్రూముల్లో మొదలుపెట్టి వరసగా పోసుకుంటూ వచ్చారు. పూజగదిలో పోయగానే బుసబుసమని నురగ పొంగింది. "చూశారా సార్, మురికి ఎలా లేస్తోందో!" అన్నాడు ఒకడు సంబరంగా. లేచింది మురికి కాదమ్మా, రాయి. ఆరాక చూస్తే అద్దంలా ఉండే మార్బుల్ సుద్దముక్కలా అయింది. మళ్లీ పాలిష్ పట్టించడానికి అయిన ఖర్చు వాళ్లకిచ్చిన కూలికి నాలుగింతలు.

వాళ్లేమీ బద్ధకస్తులు కారు. చెమటలు కారేలా రుద్దారు. కాళ్ల కింద ఉన్నది ఏ రాయో వాళ్లకెవరూ చెప్పలేదు, అంతే. మార్బుల్, మన పల్నాడు వైపు నాపరాళ్లు, కడప బండలు అన్నీ సున్నపురాయి జాతివే. యాసిడ్ తగిలితే కరిగిపోతాయి. సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్ పలకకు మామూలు బాత్రూం యాసిడ్ వల్ల పెద్దగా ఏమీ కాదు గానీ, మధ్యలో ఉన్న జాయింట్లలోని సిమెంటును అది తినేస్తుంది. కొన్నాళ్లకు సందులు గుల్లబారి, పైఫ్లాట్ బాత్రూం నీళ్లు కింద ఫ్లాట్ సీలింగ్‌లో దిగుతాయి. అప్పుడు తిట్లు బిల్డరుకు.

ఈ పనిలో సగం నేలను చదవడమే. మీ వాడికి అది వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే 90 వేల సంగతి తేలాలి. ఈసారి వచ్చినప్పుడు అన్నం పెడుతూ మామూలుగా అడగండి: వంటింట్లో స్టవ్ చుట్టూ జిడ్డుకు ఏది వాడతావు, బాత్రూంలో తెల్లటి చారలకు ఏది వాడతావు అని. రెండింటికీ ఒకే డబ్బా పేరు చెబితే ఇంకా నేర్చుకోవాలి. నూనె జిడ్డుకు క్షారగుణం ఉన్న డీగ్రీజర్ కావాలి, యాసిడ్ దాన్ని ఏమీ చేయలేదు. బోరునీళ్లు ఆరి గట్టిపడిన ఉప్పుచారలకేమో పలుచటి యాసిడ్ కావాలి, అదీ టైల్ మీదైతేనే. ఏ రాయో అనుమానం వస్తే తలుపు వెనక మూల ఒక్క నిమ్మరసం చుక్క వేసి చూస్తాడా? నురగ కడితే యాసిడ్ డబ్బా మూత కూడా తీయకూడదు. ఇక యాసిడ్, బ్లీచింగ్ కలిపితే ఏమవుతుందో తప్పకుండా అడగండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదకు తెస్తుంది. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పని మనిషిని సొంతంగా ఇళ్లల్లోకి పంపకూడదు, కొడుకైనా సరే.

మెషిన్ల గురించి కూడా కాస్త తెలుసుకోండి, డబ్బులడుగుతున్నది వాటికే కదా. గుండ్రటి బ్రష్షు తిరిగే స్క్రబ్బర్ చూడటానికి బాగుంటుంది. కస్టమర్లు వీడియో తీసుకునేదీ దాన్నే. నా లెక్కలో అంతకంటే ముఖ్యమైంది తడిని పీల్చే వాక్యూమ్. రుద్దాక వదిలిన మురికి నీళ్లను మాపుతో తుడిస్తే అవి మళ్లీ సందుల్లోకే పోతాయి. ఆరాక పలక మెరుస్తుంది, గీతలు మాత్రం నల్లగానే ఉంటాయి. వాక్యూమ్ ఆ నీళ్లను పైకి లాగేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచిన విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లలో ఉన్నవాళ్లకు బురద సందుల్లో ఎండిపోతే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

సరే, లెక్కలు. మీ వాడు కాగితం మీద ఇలా వేసి చూపించి ఉంటాడు: వెయ్యి అడుగుల ఫ్లాట్, అడుగుకు 6 రూపాయలు, మొత్తం 6,000. హెల్పర్‌కు 800, కెమికల్స్, ప్యాడ్ల అరుగుదల 500, ట్రాలీ ఆటో 600 పోగా 4,100 మిగులు. రోజుకో ఇల్లు, నెలకు లక్షా 23 వేలు! ఇవి నేను వేసుకున్న అంకెలే, మీ దగ్గర రేట్లు వేరుగా ఉండొచ్చు. తప్పు అంకెల్లో లేదు, ముప్పైతో గుణించడంలో ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాడికి నెలకు ఎనిమిది ఇళ్లు దొరికితే గొప్ప. అంటే 32,800. సంక్రాంతికి ముందు, దసరాకు ముందు, శ్రావణమాసంలో, గృహప్రవేశాల ముహూర్తాలున్న నెలల్లో ఫోన్ ఆగదు. ఆషాఢంలో మోగదు. మూడే ఇళ్లు వస్తే 12,300, అందులోంచే రూము అద్దె, అప్పు వాయిదా. మా పూజగదిలాంటిది ఒక్కటి చెడగొడితే ఆ నెల లాభం నష్టపరిహారానికే పోతుంది.

అందుకే ఇంకో ఆరు నెలలు అక్కడే చేయమనండి. ఈసారి మాత్రం బ్రష్షు పట్టుకోవడంతో సరిపెట్టకుండా, సూపర్‌వైజర్ ఇల్లు చూసి రేటు చెప్పడానికి వెళ్లినప్పుడు వెంట వెళ్లాలి. ఆదివారాల్లో తెలిసినవాళ్ల ఇళ్లు సొంతంగా ఒప్పుకొని, మెషిన్ అద్దెకు తెచ్చుకుని చేయాలి. పది ఇళ్లు అలా పూర్తయ్యి, అందులో ముగ్గురైనా ఇంకొకరికి వాడి నంబరు ఇస్తే, అప్పుడు కొనుక్కోవచ్చు. ముందు వాక్యూమ్, తర్వాతే స్క్రబ్బర్. మీ గాజులు మాత్రం బయటకు తీయకండి. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్రా పథకంలో శిశు అనే విభాగం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరైనా వేలు అడిగితే లేచి వచ్చేయమనండి.

బీకాం ఏమైపోయిందంటారా? పటమట, పోరంకి, తాడేపల్లి వైపు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కారిడార్లు, మెట్లు కడిగించే కాంట్రాక్టులు ఇస్తాయి. వాళ్లకు కొటేషన్ కావాలి, బిల్లు కావాలి. ఏడాదికి వ్యాపారం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ కాగితాలు చూసి బెదిరిపోయి, బాగా పని చేసే కుర్రాళ్లే ఇంకొకరి కింద ఉండిపోవడం నేను చూశాను. మీ వాడికి ఆ బెదురు ఉండకూడదు, మూడేళ్లు చదివింది అదే కదా.

నాకు నిజంగా నచ్చనిది ఒకటుంది. ఎనిమిది నెలలు దాచాడు చూశారా, అది. కోచింగ్ ఫీజు మీరు కడుతున్నారని తెలిసీ దాచాడు. అది అడగాల్సిందే. అయితే ఇంట్లో ఏమంటారో వాడికి ముందే తెలుసు, అందుకే దాచాడు. వాళ్ల నాన్న అన్న మాటలు చూస్తే వాడి భయం ఉత్తదేమీ కాదని తెలుస్తోంది. ఏసీ బాగుచేసేవాడిని మెకానిక్ అంటాం, నేల బాగుచేసేవాడిని బండలు కడిగేవాడంటాం. ఈ తేడా ఎక్కడిదో మనందరికీ తెలుసు, దాని గురించి ఇక్కడ ఉపన్యాసం ఇవ్వను.

వచ్చే ఆదివారం రమ్మనండి. మీ వంటిల్లు వాడికి అప్పగించండి. మెషిన్ అక్కర్లేదు, గట్టి బ్రష్షు, డీగ్రీజర్, వైపర్ చాలు. చేతికి గ్లౌజులు వేసుకున్నాడో లేదో, కెమికల్ పోశాక వెంటనే రుద్దేయకుండా ఐదు నిమిషాలు ఆగాడో లేదో మీరే గమనించండి. రోజూ రెండుపూటలా మనం తడిగుడ్డ పెట్టే నేలే కదా అనుకుంటారు వాళ్ల నాన్న. వైపర్‌తో లాగిన నీళ్లు బకెట్‌లోకి ఎత్తాక పారబోయనివ్వకండి. ముందు ఆయన్ను పిలిచి ఆ బకెట్ చూపించండి.