విశాఖ డాబా మీద నుంచి గురుగ్రహం ప్లాస్మా తరంగాలు వినగలమా?

గురుడు, శని చుట్టూ ప్లాస్మాలో (విద్యుదావేశ కణాల వాయువులో) పుట్టే కోరస్, విస్లర్ అనే తరంగాలను ఎంవీపీ కాలనీ డాబా మీద పట్టుకోవచ్చా అని అడిగారు. వాటిని పట్టలేం. కిలోహెర్ట్జ్‌లలో ఉండే ఆ తరంగాలు అక్కడి ప్లాస్మా దాటి రావు, జూనో లాంటి అంతరిక్ష నౌక దగ్గరికి వెళ్లి వినాల్సిందే. శని రేడియో ఘోష బయటికొస్తుంది గానీ 1.2 మెగాహెర్ట్జ్ దాటదు, మన వాతావరణం పైభాగంలోని విద్యుదావేశ పొర, అయనోస్ఫియర్, దాన్ని పైనే ఆపేస్తుంది.

మనకు దక్కేది గురుడి డెకామీటర్ ఘోష, అంటే పదుల మీటర్ల పొడవు అలలున్న రేడియో ఘోష. అయస్కాంత రేఖల చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు ఒక్కో గాస్‌కు (అయస్కాంత బలానికి కొలత) 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున పలుకుతాయి. 20.1 మెగాహెర్ట్జ్‌లో వినపడిందంటే సుమారు 7 గాస్‌లున్న చోటు నుంచి బయల్దేరిందన్నమాట. ఇంత చవకగా ఇంకో గ్రహం అయస్కాంత బలాన్ని తాకే దారి నాకు తెలిసి వేరే లేదు.

20.1కి డైపోల్ (రెండు తీగల ఆంటెనా) 7.1 మీటర్లు, అటూ ఇటూ 3.55. డాబాకి 3 మీటర్ల ఎత్తున కడితే చాలు. గురుడు మిథునంలో ఉన్నన్నాళ్లూ మనకు దాదాపు నడినెత్తి మీదుగానే వెళ్తాడు. డిష్‌లకు వాడే ఆర్‌జీ-6 కేబుల్ వద్దు, దాని లోపలి తీగల అల్లిక సాధారణంగా అల్యూమినియం, టంకం పట్టదు. రాగి అల్లిక ఉన్న ఆర్‌జీ-59 తీసుకోండి. మన ఉప్పుగాలి మొదట తినేది ఆంటెనాకు కేబుల్ కలిసే అతుకునే. కేబుల్ కొన విప్పి చూస్తే అల్లిక పచ్చబడి పొడి రాలుతుంటుంది. తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం పూయకండి, అందులోని ఆమ్లం రాగిని ఇంకా తొందరగా తినేస్తుంది.

ల్యాప్‌టాప్‌కు తగిలించే రేడియో రిసీవర్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ వీ3లో డైరెక్ట్ శాంప్లింగ్ (ట్యూనర్‌ను దాటేసి నేరుగా వినే పద్ధతి) పెడితే 8.7 మెగాహెర్ట్జ్ స్టేషన్లు వచ్చి 20.1 మీద కూర్చుంటాయి. వీ4 మేలు. ఏజీసీ (శబ్దాన్ని తానే సర్దే ఏర్పాటు) ఆపేయాలి, లేకపోతే ఘోష పెరిగినప్పుడల్లా అదే అణిచేస్తుంది.

ఇంటి మెయిన్ ఆపి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఒకసారి వినండి. రొద తగ్గితే తప్పు మీ ఎల్‌ఈడీలదో ఇన్వర్టర్‌దో. తగ్గకపోతే ఉప్పు పట్టిన కరెంటు స్తంభాల ఇన్సులేటర్లను అనుమానించాలి. అప్పుడు లైన్లకు దూరంగా భీమిలి అవతలి సరుగుడు తోటల వైపు వెళ్లడమే. ఆంటెనా పీకినప్పుడు హోరు స్పష్టంగా పడిపోవాలి. పడిపోలేదంటే పాలపుంత హోరు కూడా మీకు అందడం లేదు, ఇక గురుడి మాటెక్కడ!

పొద్దుగూకాక మన అక్షాంశాల్లో అయనోస్ఫియర్ అల్లకల్లోలంగా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజాము దాకా కూర్చోండి. అదీ గురుడి ఉపగ్రహం అయో దశ (గురుడి వెనక నుంచి అది ఎంత తిరిగిందో చెప్పే కోణం) 90 డిగ్రీల దగ్గరుండి, గురుడి మధ్యరేఖాంశం (ఆ క్షణంలో మనకు ఎదురుగా ఉన్న రేఖాంశం) 100–200 మధ్య ఉన్నప్పుడు. దశ 240, రేఖాంశం 200–270 అయినా మంచిదే.

ఎల్ రకం ఘోష అల ఒడ్డెక్కి జారినట్టు కొన్ని సెకన్లు పెరిగి తగ్గుతుంది, ఎస్ రకం పేలాలు వేగినట్టుంటుంది. 19.9కి జరిపి చూడండి. అక్కడ మాయమైతే అది ఏదో స్టేషన్. అక్కడా ఉండి, ఒక్క పెళుసు చప్పుడుతో ఆగిపోతే ఎక్కడో పడిన మెరుపు.