ప్యాంటు వేసుకున్న ముసలివాడు

ప్రశ్న: "తెలుగు మాధ్యమంలో పది చదివి ఇంటర్‌లో చేరాను. ఆంగ్ల సాహిత్యం మీద ఇష్టం. ఏ గైడు కొనమంటారు?"

ఏదీ కొనవద్దు. నేను కొన్న గైడు సంగతి చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

నెల్లిమర్ల దగ్గర పల్లెటూరి బడిలో పది పూర్తిచేసి విజయనగరంలో ఇంటర్ హెచ్ఈసీలో చేరాను. మా ఇంగ్లీషు మాస్టారు శనివారం చివరి పీరియడ్‌లో పాఠ్యపుస్తకం మూసేసి, పరీక్షకు పనికిరానిదేదో చెప్పేవారు. ఒక శనివారం షేక్‌స్పియర్ 'ఆజ్ యు లైక్ ఇట్' నాటకంలోంచి 28 పంక్తులు బోర్డు నిండా రాశారు. లోకమంతా రంగస్థలమని, మనిషి బతుకులో ఏడు వేషాలు కడతాడని చెప్పే పంక్తులు. సోమవారానికి కంఠతా రావాలన్నారు. అర్థం కోసం గంటస్తంభం దగ్గర పాత పుస్తకాలవాడి వద్ద అట్ట ఊడిన డిగ్రీ గైడు ఒకటి కొన్నాను.

ఆదివారం అరుగు మీద కూర్చుని వల్లె వేస్తున్నాను. మంచం మీద తాతయ్య చుట్ట చుట్టుకుంటున్నాడు. వయసులో ఉండగా మా వైపు ఆడే తూర్పు భాగవతం అనే వీధినాటకంలో సత్యభామ వేషం కట్టినవాడు.

"ఏమిటిరా ఆ దండకం?" అన్నాడు.

అర్థం చెప్పడం మొదలుపెట్టాను. సంచి తగిలించుకుని నత్తలా బడికి పోయే కుర్రవాడనగానే "అది నువ్వే" అన్నాడు. కొలిమిలా నిట్టూర్చే ప్రేమికుడి దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. "కొలిమి ఏపాటిరా? మా భామ నిట్టూరిస్తే మృదంగం వాయించేవాడు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు." బొజ్జ పెంచిన న్యాయాధికారి దగ్గర పాత మునసబును తలుచుకుని నవ్వాడు.

ఆరో వేషానికి వచ్చాం. గైడులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను: ప్యాంటు వేసుకున్న ముసలివాడు.

"ప్యాంటు తొడిగితే వేషం అయిపోతుందా? నడక చెప్పు, గొంతు చెప్పు."

తర్వాతి పంక్తులు చూశాను. వయసులో కొని దాచుకున్న మేజోళ్లు చిక్కిపోయిన పిక్కల మీద వదులుగా వేలాడుతుంటాయి. మగగొంతు మళ్లీ చిన్నపిల్లల గొంతులా కీచుగా మారుతుంది. తాతయ్య చుట్ట పక్కనపెట్టి తన పిక్కల వంక చూసుకున్నాడు. లేచి మంచం కోడు పట్టుకుని భామ ప్రవేశం అందుకోబోయాడు. మొదటి చరణంలోనే గొంతు చీలింది.

"ముందు పోయేది గొంతేరా. కాళ్లు తర్వాత" అని కూర్చున్నాడు. కాసేపాగి అడిగాడు, "ఏడో వేషం అయ్యాక ఎవరొస్తారు?"

"ఎవరూ రారు. పళ్లు లేవు, చూపు లేదు, రుచి లేదు, ఏమీ లేదు. అక్కడితో అయిపోయింది."

"నాటకంలో అలా ఉండదు. ఎవరో ఒకరు రావాలి."

సోమవారం మాస్టారికి చెబితే ప్యాంటు దగ్గర పడీపడీ నవ్వారు. అది బట్ట పేరు కాదట. ఇటలీ వీధి నాటకాల్లో పాంటలోనే అని పిసినారి ముసలి వర్తకుడి పాత్ర ఉండేది. ఆరో వేషం పంక్తిలో ఉన్న 'పాంటలూన్' ఆ పాత్రే. బట్టకు ఆ పేరు వాడి నుంచే వచ్చింది. అంటే అది అక్షరాలా వేషమే. ఇంగ్లీషు ముక్క రాని తాతయ్యకు తెలిసింది ఇంగ్లీషులో అచ్చయిన గైడుకు తెలియలేదు. అందుకే నా లెక్కలో సాహిత్యానికి తెలుగు మాధ్యమం అడ్డే కాదు. ఇంట్లో ఒక్క నాటకమైనా చూసినవాళ్లు లేకపోవడమే అడ్డు.

గురజాడ పాఠాలు చెప్పిన మహారాజా కళాశాల ఉన్న ఊరు విజయనగరం. ఈ ఊళ్లోనే ఇప్పుడు ఇంగ్లీషంటే ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షకు అక్కర్లేని పేపరు, ముందురోజు రాత్రి తిరగేస్తే చాలు. లేదంటే నలభై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు. 1892లో ఇక్కడే మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చెప్పిన చదువే నయం. కనీసం చుట్ట కాల్చడమైనా వచ్చింది.

డిగ్రీలో నాటకం మొత్తం చదివాను. ఆ ఏడు వేషాల మాటలు షేక్‌స్పియర్ జీవితసత్యంగా చెప్పినవని గైడులో ఉంది. కాదు, దేనిలోనైనా విషాదం వెతుక్కునే జేక్వీజ్ అనే పాత్ర చెప్పినవి. రెండో అంకం, ఏడో రంగం. అతడు 'ఏమీ లేదు' అని ముగించగానే ఓర్లాండో అనే యువకుడు వస్తాడు, ఎనభైకి దగ్గరపడిన తన సేవకుడు ఆడమ్‌ను మోసుకుంటూ.

ఆ వారమే ఊరికి వెళ్లాను. తాతయ్య మంచం దిగడం అప్పటికే మానేశాడు. నువ్వన్నట్టే ఒకడొచ్చాడని, ముసలాయన్ని ఎత్తుకుని వచ్చాడని చెప్పాను.

కళ్లు తెరిచి, "మోసేవాడి నడక ఎలా ఉంటుందో రాశాడా?" అన్నాడు.