మా అబ్బాయికి పిన్ నేర్పమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. అంకెలు గుర్తుపడతాడు కానీ చిల్లర లెక్క రాదు. వీధి చివరి కిరాణా కొట్టుకు ఒక్కడే వెళ్లొస్తాడు. ఈమధ్య అందరిలా స్కాన్ చేసి కడతానని ఒకటే గొడవ. నా ఫోన్ ఇచ్చి యూపీఐ పిన్ నేర్పమంటారా? – ఒక తల్లి, హనుమకొండ

వద్దు. అబ్బాయి కోరికలో తప్పేమీ లేదు, నేర్పాల్సింది మీ పిన్ మాత్రం కాదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల నుంచి ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది. సగం మంది అప్పటికే పిన్ నేర్పేసి, డబ్బు పోయాక రాస్తున్నారు.

నిజానికి చిల్లర లెక్క రానివాళ్లకు నోట్ల కన్నా స్కాన్ చేసి కట్టడమే తేలిక. ఎంత ఇవ్వాలో అంతే పోతుంది, తిరిగి తీసుకునేది ఉండదు. పైగా కొట్లో ఉండే ఆ చిన్న స్పీకర్ డబ్బా ‘నలభై అయిదు రూపాయలు అందాయి’ అని తెలుగులో చెబుతుంది. ఆ మాట వినేదాకా కదలకూడదని అలవాటు చేయండి. కష్టమంతా అంకె కొట్టే దగ్గరే. 45 కొట్టబోయి 450 కొడతారు. అందుకే ‘కట్టు’ నొక్కే ముందు ఫోన్ తెర కొట్టాయనకు చూపించడం కూడా ఒక మెట్టుగా నేర్పండి. స్పెషల్ స్కూల్ టీచర్లు పళ్లు తోముకోవడం నేర్పినట్టే: ఒక్కో మెట్టు, ఎప్పుడూ అదే వరసలో, రోజూ అదే కొట్లో.

ఫోన్ అతనిది వేరేగా ఉండాలి. మీ ఖాతా అందులో ఉండకూడదు. దీనికి రెండు దారులు. అతని పేరున ఖాతా ఉంటే యూపీఐ లైట్ పెట్టండి, అంటే చిన్న చెల్లింపుల కోసం యాప్‌లోనే ఉండే చిన్న పర్సు. అందులో రూ.5,000కు మించి నిల్వ ఉండదు, ఒక్కసారికి రూ.1,000 దాటి పోదు, పిన్ అడగదు. మీరు రూ.300 వేసి ఊరుకోండి. అయిపోగానే దానంతటదే నింపుకునే ఆటో టాప్-అప్‌ను మాత్రం ఆన్ చేయకండి, అది ఉంటే పరిమితి పెట్టి ప్రయోజనం లేదు. రెండోది 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్. ఖాతా మీదే ఉంటుంది, అతను తన ఫోన్ నుంచి కడతాడు. నెలకు గరిష్ఠంగా రూ.15,000, ఒక్కసారికి రూ.5,000. అంతకన్నా తక్కువ హద్దు మీరే పెట్టుకోవచ్చు. ప్రతి చెల్లింపుకూ మీ అనుమతి అడిగే పద్ధతి కూడా అందులో ఉంది. జాగ్రత్తపరులకు అదే నచ్చుతుంది, నాకు నచ్చదు. మీరు స్నానానికి వెళ్తే వాడు కొట్టు ముందు బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని నిలబడాలి. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఊరుకుంటారా? నెలకు వెయ్యి అని హద్దు పెట్టి వదిలేయండి. వాడు నాలుగు చాక్లెట్లు ఎక్కువ కొన్నాడనుకోండి, కొననివ్వండి. డబ్బు అయిపోవడమంటే ఏమిటో అలాగే తెలుస్తుంది.

నాకు అసలు భయం బిస్కెట్ల గురించి కాదు. ఈ పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి మనం నేర్పింది ఒక్కటే, చెప్పిన మాట వినమని. టీచర్ చెప్పింది చేస్తే శభాష్, డాక్టర్ చెప్పింది చేస్తే శభాష్. ఫోన్‌లో మోసగాడికి కావలసిందీ అదే. ‘బాబూ, మీ పెన్షన్ ఆగిపోయింది, నేను పంపిన ఫైల్ నొక్కు’ అంటే ఎందుకని అడగకుండా నొక్కేస్తారు. వాట్సాప్‌లో చలానా పేరుతోనో బ్యాంకు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) చేసే పని, మెసేజ్‌లన్నీ అవతలివాడికి చేరవేయడం. ఓటీపీ నోటితో చెప్పనక్కర్లేదు, అదే వెళ్లిపోతుంది. కాబట్టి అతని ఫోన్ సెట్టింగ్స్‌లో ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనుమతిని వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు తీసేయండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక నేర్పాల్సిన మాట ఒకటుంది: ‘అమ్మని అడుగుతా.’ ఫోన్‌లో ఎవరు డబ్బు మాట ఎత్తినా ఈ ఒక్క మాట అని కాల్ కట్ చేయాలి. చెబితే సరిపోదు. మీ అన్నయ్యనో పక్కింటి వాళ్లనో వేరే నంబర్ నుంచి బ్యాంకువాళ్లలా ఫోన్ చేయించండి. మర్యాదగా ఒకసారి, బెదిరిస్తూ ఒకసారి. పెద్దవాళ్లతో మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం తప్పు కాదని అతనికి నమ్మకం కలిగేదాకా చేయించండి. ఏదైనా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయాలి. ముందు వాణ్ణి తిట్టకండి. ఒకసారి తిట్లు తిన్నవాడు రెండోసారి దాచిపెడతాడు.

ఇంతకన్నా చెడ్డది ఇంకోటి ఉంది. ఎవరో దగ్గరివాళ్లే ఈ పిల్లలతో ఖాతా తెరిపించి, సిమ్ తీయించి, రెండూ పట్టుకుపోతారు. ఆ ఖాతాలోకి ఎక్కడెక్కడి మోసాల డబ్బో వచ్చిపోతుంది. పోలీసులు వచ్చేది మాత్రం ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. అతని పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో అప్పుడప్పుడూ చూస్తుండండి. తెలియనిది కనబడితే అక్కడే ‘నాది కాదు’ అని ఫిర్యాదు పెట్టొచ్చు. వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేకపోతే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసేయండి. ‘వేలు పడలేదు, మళ్లీ పెట్టు’ అని డబ్బు తీసిచ్చే ఏజెంట్ అంటే ఈ పిల్లలు ఎన్నిసార్లయినా పెడతారు, పెట్టినప్పుడల్లా ఖాతాలోంచి డబ్బు పోవచ్చు.

కుటుంబాలకూ ఒక మాట. తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ రూ.4,016, ఆంధ్రాలో రూ.6,000. అది ఎవరి డబ్బు? ఖాతా అతని పేరున, ఏటీఎం కార్డు బావగారి జేబులో, పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు! ఆ తర్వాత ‘వాడికి డబ్బు విలువ తెలియదండీ’ అంటూ మనకు ఉత్తరం. వాడి చేతికి ఎప్పుడైనా ఇస్తే కదా తెలిసేది?

అప్‌డేట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక పిల్లవాడు నెల రోజులు కష్టపడి ‘కింద మధ్యలో ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కాలి’ అని నేర్చుకుంటాడు. ఒక రాత్రి యాప్ అప్‌డేట్ అవుతుంది. తెల్లారేసరికి ఆ బొమ్మ పక్కకు జరిగి, ఉన్నచోట ‘మీకు రూ.2 లక్షల లోన్ సిద్ధం’ అని మెరుస్తుంటుంది. వేలు అలవాటుగా అక్కడికే పోతుంది. డబ్బు కట్టే యాప్‌లో స్క్రాచ్ కార్డులు, బంగారం, అప్పులు ఎందుకు? ఇల్లు సర్దినట్టు నెలకోసారి తెరను సర్దేవాళ్లకు, ఆ తెరను బట్టీ పట్టి బతికేవాళ్లు ఉన్నారని ఎవరు చెప్పాలి? పిల్లల మోడ్ అంటూ రంగులు పూస్తారు గానీ, స్కాన్, నిల్వ, అమ్మకు ఫోన్ అనే మూడే బటన్లుండే తెర ఒక్కటి ఇవ్వరు. అప్పటిదాకా ఆ యాప్‌కు ఆటో అప్‌డేట్ ఆపండి. నెలకోసారి మీరు దగ్గరుండి అప్‌డేట్ చేసి, మారింది ఏమిటో చూశాకే ఫోన్ అతనికివ్వండి. మరీ వాయిదా వేయకండి, భద్రతా లోపాలకు మందు ఆ అప్‌డేట్లలోనే వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఆటిజం. 18 నిండగానే బ్యాంకువాళ్లు గార్డియన్ కాగితం తెస్తేనే ఖాతా అంటున్నారు. తండ్రినైనా కాగితం కావాలా? – రాజమహేంద్రవరం

మేజర్ అయ్యాక తండ్రి దానంతటదే గార్డియన్ కాడు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు నేషనల్ ట్రస్ట్ చట్టం (1999) కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్ బ్యాంకుల్లో చెల్లుతుంది. అయితే ముందు అమ్మాయిని బ్యాంకుకు తీసుకెళ్లి మాట్లాడించండి. సంతకం పెట్టి, ఖాతా ఏమిటో చెప్పగలిగితే కాగితం అవసరమే రాకపోవచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 13వ సెక్షన్ తమ డబ్బు వ్యవహారాలు తాము చూసుకునే హక్కు అందరితో సమానంగా ఇచ్చింది.

ప్రశ్న: తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ. తల నిలపలేడు. వీడియో కేవైసీలో (బ్యాంకు గుర్తింపు తనిఖీలో) ‘కళ్లు ఆర్పండి, కదలకండి’ అని ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. – విశాఖపట్నం

ఇది మీ తమ్ముడి లోపం కాదు, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల నిర్లక్ష్యం. కళ్లు ఆర్పమనే ఈ షరతు మీదే యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు కోర్టుకెక్కారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, కేవైసీని దివ్యాంగులకు అనువుగా మార్చాలని ఆదేశించింది. బ్రాంచికి వెళ్లి కాగితాలతో కేవైసీ చేయమని అడగండి. కుదరదంటే ఆ మాటే ఈమెయిల్‌లో రాసివ్వమనండి.