ఆ ఫారంలో నీరసం గురించి ఎందుకు అడగలేదు?

ప్రశ్న: మా అక్కకి మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలు దెబ్బతినే జబ్బు) వచ్చి కొన్నేళ్లయింది. మొన్న చెకప్‌కి వెళ్తే పరిశోధన కోసమని ఒక ఫారం ఇచ్చారు. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు, ఇంతే, ఐదు ప్రశ్నలు. చివర్లో 0 నుంచి 100 వరకు ఉన్న స్కేలు మీద ఈ రోజు ఆరోగ్యం ఎంతో గుర్తు పెట్టమన్నారు. అక్క నడుస్తుంది కాబట్టి నడకకి ఇబ్బంది లేదని పెట్టింది. మధ్యాహ్నానికల్లా మంచం దిగలేనంత నీరసం వస్తుంది, ఆ సంగతి ఎక్కడా అడగలేదు. మందుల ఖర్చు లెక్కల కోసమట. మనిషి బాధకి మార్కులేంటండీ? అవి చూసి మందు ఆపేస్తారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఆ ఫారం చూసి మీ అక్కగారి మందు ఆపరు. ఆ నిర్ణయం డాక్టరుది, పరీక్ష చేసి, ఎమ్మారై చూసి, ఈ జబ్బు అటాక్ మళ్లీ వచ్చిందా లేదా అడిగి తీసుకునేది.

మీరు రాసినదాన్ని బట్టి అది ఈక్యూ-5డి, ఏ జబ్బువాళ్లకైనా ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల ఫారం. ఒక్కో జవాబుల వరసకి ఒక విలువ ఉంటుంది, పూర్తి ఆరోగ్యానికి 1, చావుకి 0. ఒక మందు వల్ల ఆ విలువ 0.5 నుంచి 0.7కి పెరిగి ఐదేళ్లు నిలిచిందనుకోండి, 0.2ని ఐదుతో గుణిస్తే 1, అంటే పూర్తి ఆరోగ్యంతో ఒక ఏడాది బతికినంత. దీన్నే క్వాలీ అంటారు. ఒక్క క్వాలీకి ఎంత ఖర్చవుతోందో చూసి ప్రభుత్వాలు మందు కొనాలా వద్దా తేల్చుకుంటాయి. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2002లో ఇలాగే లెక్కేసి, ఆ ధరకి ఈ జబ్బుకి వాడే బీటా ఇంటర్‌ఫెరాన్‌ని సిఫారసు చేయలేమంది. అప్పుడు అక్కడి ఆరోగ్య శాఖ కంపెనీలతో ఒప్పందం చేసుకుని, రోగుల్ని ఏళ్ల తరబడి గమనించి ఫలితాన్ని బట్టి ధర సవరించుకునేలా మందు ఇప్పించింది. మన దేశంలో ఇలాంటి లెక్కల కోసం 2017లో హెచ్‌టీఏఇన్ ఏర్పడింది.

ఆ విలువలు వేసేది రోగులు కాదు, మామూలు జనం. ‘ఈ స్థితిలో పదేళ్లు బతకడమా, పూర్తి ఆరోగ్యంతో అంతకన్నా తక్కువ ఏళ్లా?’ లాంటి ప్రశ్నలు అడిగి రాబడతారు. బ్రిటన్ పాత విలువల పట్టికలో అన్నిటికన్నా చెడ్డ స్థితికి -0.594 వచ్చింది, అంటే చావు కన్నా హీనమని. అలాంటి స్థితిలో ఉండి కూడా మనవళ్లతో కబుర్లు చెప్పుకుంటూ బతికేవాళ్లుంటారు, వాళ్లనీ అడిగి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. మనకి 2022 దాకా సొంత పట్టికే లేదు, చండీగఢ్ పీజీఐ ఆధ్వర్యంలో 3,500 మందికి పైగా అడిగి తయారు చేశారు.

ఇక నీరసం. మీరు అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న, ఎందుకంటే ఈ జబ్బులో మనిషిని కూలదోసేవి చాలావరకు బయటికి కనిపించవు, నీరసం, మతిమరుపు, చూపు మసకబారడం, ఎండలో అన్నీ ఒక్కసారిగా ఎక్కువవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటిలో ఒక్కదానికీ ఆ ఫారంలో గడి లేదు. పైగా ‘ఈ రోజు’ అని అడుగుతుంది. బాగున్న రోజునే కదా ఆస్పత్రికి రాగలిగేది! ఈ జబ్బు వల్ల వచ్చే వైకల్యాన్ని కొలవడానికి డాక్టర్లు వాడే, 0 నుంచి 10 దాకా ఉండే ఈడీఎస్‌ఎస్ స్కేలు కూడా 4 దాటాక ఎక్కువగా నడక మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ జబ్బు కోసమే ఎంఎస్‌ఐఎస్-29 అనే ఫారం తయారు చేశారు, గత రెండు వారాల గురించి 29 ప్రశ్నలుంటాయి. దాన్నుంచే నీరసాన్నీ ఆలోచనా శక్తినీ కలిపి ఎంఎస్‌ఐఎస్-8డి అని ఖర్చు లెక్కలకి పనికొచ్చేది తీశారు. నీరసాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, నీరసం తగ్గించే మందు ఎంత మేలు చేసినా కాగితం మీద దండగలాగే కనిపిస్తుంది.

మళ్లీ ఫారం ఇస్తే ‘రోజువారీ పనులు’ దగ్గర అక్కగారు వంట, ఉద్యోగం, పిల్లల పని అన్నీ తలుచుకుని జవాబు పెట్టమనండి, నీరసం వల్ల ఆగిపోయినవీ ఇబ్బందే. ఓపిక ఉందని చూపించుకోవాల్సిన పని లేదు. వికలాంగుల సర్టిఫికెట్‌కి ఈ మార్కులతో సంబంధం లేదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు ఉంది, విడిగా అప్లై చేయండి. మూత్రం ఇబ్బంది ఏమైనా ఉంటే మాత్రం ఫారం కోసం ఆగకుండా డాక్టర్‌తో చెప్పించండి, దానికి మందులున్నాయి.